తొమ్మిదో గుర్రం తర్వాత సంగతి, ముందు ఆర్నెల్ల దాణా డబ్బు

ప్రశ్న: ఎనిమిది గుర్రాలతో సవారీ శిక్షణ ఇస్తున్నాను. వాటిలో మూడు వేరేవాళ్లవి, నెలకింత అని తీసుకుని చూసుకుంటున్నాను. గుర్రాల సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు, వ్యాపారం లెక్కలే ఇప్పుడు నేర్చుకుంటున్నాను. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు పెరిగారు కాబట్టి ఇల్లు తాకట్టు పెట్టి మరో రెండు గుర్రాలు, వాటిని తరలించే బండి కొందామనుకుంటున్నాను. చేతిలో ఒక నెల ఖర్చులకు సరిపడా ఉంది. దాణా కోసం క్రెడిట్ కార్డు మీద కొంత వాడాను. ముందుకు వెళ్లొచ్చా?

జవాబు: వద్దండీ. ఇల్లు తాకట్టు పెట్టకండి. మీ ఉత్తరం ఎంచుకోవడానికి కారణం ఉంది. జంతువులతో వ్యాపారం చేసేవాళ్లలో చాలామంది బాగా డబ్బొచ్చిన నెలను చూసి అప్పు చేస్తారు, పైసా రాని నెల ఎలా గడుస్తుందో లెక్క వేసుకోరు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు కదా, మీ వ్యాపారం మొత్తం ఆ మాటలోనే ఉంది. 500 కిలోల గుర్రం రోజుకు 8 నుంచి 10 కిలోల ఎండుగడ్డి తింటుంది. ఎనిమిదింటికి రోజుకు 80 కిలోలు అనుకుంటే ఆరు నెలలకు 14 టన్నుల పైమాటే, ఇందులో దాణా, పనివాళ్ల జీతాలు, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించి నాడాలు వేయించడం, టీకాలు, పళ్ల పరీక్ష ఏవీ కలపలేదు. కాలి స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ, టెండన్) దెబ్బతిన్న గుర్రం మళ్లీ పూర్తిగా పనిలోకి రావడానికి తొమ్మిది నెలలో ఏడాదో పడుతుంది, అన్నాళ్లూ దాని ఆదాయం సున్నా, డాక్టర్ ఖర్చు అదనం. స్ట్రాంగిల్స్ లాంటి అంటువ్యాధి ఒక్కదానికి వచ్చిందంటే ఆ ఒక్కదాన్ని పక్కన కట్టేస్తే సరిపోదు, వారాల తరబడి శాలలోకి గుర్రాల రాకపోకలన్నీ ఆపాల్సి రావచ్చు. అప్పుడు మీ దగ్గరున్న ఒక నెల డబ్బు ఏ మూలకు?

పైగా ఈఎంఐ గుర్రం కుంటుతోందని ఆగదు. కుంటే గుర్రాన్ని అమ్మబోతే సగం ధర కూడా రాకపోవచ్చు, తాకట్టులో ఉన్నది మాత్రం మీ కుటుంబం తల దాచుకునే ఇల్లు. దాణాకు కార్డు గీకడం గురించి నిజంగా కోపం వచ్చే చెబుతున్నాను. ఆ దాణా పది రోజుల్లో గుర్రాల కడుపులోకి పోయింది, మీరు మాత్రం దాని మీద నెలల తరబడి వడ్డీ కడుతున్నారు. ఆ బాకీ ముందు తీర్చేయండి, ఇంకెప్పుడూ ఆ పని చేయకండి.

తర్వాత అత్యవసర నిధి. కనీసం ఆరు నెలల ఖర్చు, ఇంటి ఖాతాలో కాకుండా వేరే ఖాతాలో. ఎంత కావాలో తెలియాలంటే ఒక గుర్రానికి ఒక రోజు ఎంత అవుతోందో ముందు తేలాలి. గడ్డి నుంచి కింద పరిచే పొట్టు వరకు గత ఏడాది బిల్లులన్నీ తీసి, మీ జీతం కూడా కలిపి (చాలామంది తమ కష్టాన్ని లెక్కలో వేయరు, అందుకే లాభం ఉన్నట్టు కనిపిస్తుంది), గుర్రాలతోనూ రోజులతోనూ భాగించండి. వేరేవాళ్ల మూడు గుర్రాలకు మీరు తీసుకునేది ఈ అంకె కంటే తక్కువైతే, వాటిని మీ జేబులోంచే మేపుతున్నట్టు. వాటి యజమానుల్లో ఒకరు రెండు నెలలు డబ్బు ఇవ్వకపోయినా ఆ గుర్రం మీ శాలలోనే తింటూ ఉంటుంది కాబట్టి ఆ మూడింటి ఖర్చూ నిధిలో ఉండాలి. వాళ్లు కట్టిన డిపాజిట్లు, విద్యార్థులు ముందుగా కట్టిన ఫీజులు మీ డబ్బు కాదు, వాటిని నిధిలో కలపకండి. ఒకేసారి ఆరు నెలలంటే టెన్షన్ పడొద్దు, ప్రతి వారం వచ్చిన దాంట్లోంచి ఖర్చుల కంటే ముందే కొంత అటు పంపుతూ వెళ్లండి. శిక్షణ బాగా సాగే నెలల్లో రెట్టింపు వేయండి.

బీమా గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. గుర్రం చనిపోతే డబ్బిచ్చే పాలసీ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, మామూలుగా అది గుర్రం కుంటిదైతే ఇవ్వదు, పాత గాయాలకూ ఇవ్వదు. కోలిక్ (గుర్రాలకు వచ్చే తీవ్రమైన కడుపునొప్పి) ఆపరేషన్ లాంటి వైద్య ఖర్చుకు, శిక్షణలో ఎవరైనా పడి దెబ్బ తగిలితే వచ్చే బాధ్యతకు, మీ సంరక్షణలో ఉన్న వేరేవాళ్ల గుర్రాలకు విడివిడిగా కవర్ ఉందో లేదో కాగితం మీద చూసుకోండి.

రద్దీ ఎక్కువైతే గుర్రాన్ని కొన్ని నెలలకు లీజుకు తీసుకోవచ్చు. బండి అద్దెకు చాలు.

నిధి నిండాక తొమ్మిదో గుర్రం కొనండి, ఒక్కటే, మీ సొంత డబ్బుతో. అమ్మేవాళ్ల డాక్టర్‌తో కాకుండా మీ డాక్టర్‌తో పరీక్ష చేయించండి. తెచ్చాక రెండు మూడు వారాలు మిగతావాటికి దూరంగా కట్టేయండి. ఆ రోజుల్లో అది తింటుందే తప్ప సంపాదించదు, ఆ మేత ఖర్చు కూడా కొన్న ధరలోనే కలిపి రాసుకోండి.