ఫార్మా కంపెనీ డాక్యుమెంట్ సెల్‌లో ఉద్యోగం: అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మాది అనకాపల్లి. బెల్లం కమీషన్ కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసింది. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ వాళ్లు క్యూఏ (నాణ్యత హామీ) విభాగంలోని డాక్యుమెంట్ సెల్‌లో ఉద్యోగం ఇస్తామంటున్నారు. క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో అడిగితే ఖాళీ లేదన్నారు. కెమిస్ట్రీ చదివించింది ఫైళ్లు సర్దించడానికా అని మనసు ఒప్పుకోవడం లేదు. పైగా అక్కడ కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేస్తున్నారట. ఆ పని అయిపోగానే పిల్లని ఇంటికి పంపేస్తారేమోనని భయం. ఖతార్‌లో కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌గా ఉన్న మా మేనల్లుడు మాత్రం ‘మంచి లైనే మావయ్యా, పంపించు’ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: పంపించండి. కాకపోతే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు ఒకటి రెండు సంగతులు కనుక్కోవాలి. అవి కింద చెబుతాను. ముందు ఆ పని ఏమిటో మీ కొట్టు లెక్కలోనే చూద్దాం.

మీ గుమస్తా ఆవర్జాలో ఒక అంకె తప్పు వేశాడనుకోండి. ఆ పేజీ చింపరు, తెల్లరంగు పూసి పైన రాయరు. అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన సరైన అంకె వేస్తారు. పాత అంకె కూడా కనిపిస్తూనే ఉంటుంది. ‘ఆవేళ నా దిమ్మలు ఎంత తూగాయి?’ అని రేపు రైతు వచ్చి అడిగితే చూపించాలి కదా. మందుల కంపెనీలోనూ అదే పద్ధతి. తప్పు రాస్తే ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ సీసా ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి రాకూడదు. అక్కడ అడగడానికి వచ్చేది డ్రగ్ ఇన్‌స్పెక్టర్, సరుకు అమెరికాకు పోతుంటే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్. ఇక ఆ మాత్ర మింగే మనిషికి అడిగే అవకాశం కూడా ఉండదు.

ఈ సలహాల పనిలోకి రాకముందు నేను కొన్నేళ్లు ఒక మందుల కంపెనీ క్యూఏలో చేశాను. అక్కడ ఒక పౌడర్‌ని ఆరబెట్టే ఉష్ణోగ్రతను 60 డిగ్రీల నుంచి 50కి తగ్గించారు. కొత్త ఎస్‌ఓపీ (పని ఎలా చేయాలో రాసిన పత్రం) ఇచ్చాం, పాతది వెనక్కి తీసుకున్నాం, రిజిస్టర్లో సంతకాలన్నీ పడ్డాయి. వారం తిరక్కుండా రాత్రి షిఫ్టులో ఒక బ్యాచ్ 60 డిగ్రీల దగ్గరే ఆరింది. ఆరా తీస్తే ఆపరేటర్ చొక్కా జేబులో పాత ఎస్‌ఓపీ జిరాక్సు దొరికింది. నాలుగు మడతలు పెట్టి ఉంది, మడతల దగ్గర చిరిగిన చోటల్లా సెల్లోటేపు అంటించి ఉంది. పనిమీద అశ్రద్ధ ఉన్నవాడు కాదు. ప్రతిసారీ ఆఫీసు గది దాకా నడిచి చూసిరావడం కష్టమై, జాగ్రత్త కోసమే ఆ కాగితం దాచుకున్నాడు. బ్యాచ్ పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆయన్ని నిలబెట్టి ప్రశ్నలు అడుగుతుంటే నాకే బాధేసింది. ఎన్ని కాపీలు బయట తిరుగుతున్నాయో మాకే లెక్క లేకపోతే ఆయన్ని ఏమనగలం?

ఆ లెక్క తెలిసి ఉండటమే డాక్యుమెంట్ సెల్ పని. ఇప్పుడు మీ అమ్మాయి వెళ్లే చోట పెడుతున్న సాఫ్ట్‌వేర్ కూడా దానికే. వీవా వాల్ట్ కావచ్చు, డాక్యుమెంటమ్ కావచ్చు, షేర్‌పాయింట్ మీద కట్టుకున్నది కావచ్చు, లోపల జరిగేది ఇంచుమించు ఒకటే. ఒకరు ఎస్‌ఓపీ రాస్తారు, ఇంకొకరు సరిచూస్తారు, క్యూఏ పెద్దలు ఆమోదిస్తారు. దాంతో పనిచేసే వాళ్లందరికీ శిక్షణ పూర్తయ్యాక అది అమల్లోకి వచ్చే తేదీ వేస్తారు. ఆ తేదీన కొత్తది తెరుచుకుంటుంది, పాతది మూతపడుతుంది. ప్రింటు కావాలంటే సెల్ నుంచే, నంబరు వేసి, పేరు రాసుకుని ఇస్తారు. వాడిన కాగితాలు తిరిగొచ్చాయో లేదో లెక్కపెట్టుకుంటారు. ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరం, ఎందుకు మార్చారో సాఫ్ట్‌వేర్ తనంతట తాను రాసుకుంటూ పోతుంది. దాన్ని ఆడిట్ ట్రయల్ అంటారు. మీ ఆవర్జాలో కొట్టిన గీత కింద పాత అంకె కనబడటం లాంటిదే.

ఇదంతా కంపెనీలు ముచ్చటపడి చేసుకుంటున్నది కాదు. అమెరికాలో 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 అనే నిబంధన 1997 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కంప్యూటర్లో చేసిన సంతకం పక్కన మనిషి పేరు, తేదీ, సమయం ఉండాలి. ఆ సంతకం దేనికో, అంటే రాసినందుకా, సరిచూసినందుకా, ఆమోదించినందుకా అన్నది కూడా ఉండాలి. మన దగ్గర 2023 డిసెంబరులో నోటిఫై చేసిన కొత్త షెడ్యూల్ ఎం (మందుల తయారీ నియమాలు) కూడా కంప్యూటర్ వ్యవస్థలను నాణ్యత నియమాల్లోకి తెచ్చింది. అందుకే ఇప్పుడు ఈ హడావిడి.

ఇక మీ భయం సంగతి. అందులో సగం నిజముంది. పాత ఫైళ్లు స్కాన్ చేసి, పేర్లు పెట్టి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని ఉన్నన్నాళ్లే ఉంటుంది. గుట్ట తరిగాక ఆ మనుషుల అవసరం తీరిపోతుంది. చాలాచోట్ల వాళ్లను ఏజెన్సీ ద్వారానే తీసుకుంటారు. మీ అమ్మాయికి ఇస్తున్నది అదే అయితే నేనూ వద్దనే అంటాను.

డాక్యుమెంట్ కంట్రోల్ అలా కాదు, అందులో కెమిస్ట్రీ కావాలి. ఒక తయారీలో సాల్వెంట్ (కరిగించే ద్రవం) మార్చారనుకోండి. బ్యాచ్ రికార్డు (ఒక్కో బ్యాచ్ ఎలా తయారైందో రాసే పత్రం) మారాలి, స్పెసిఫికేషన్ (సరుకు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలు) మారాలి, పరీక్ష పద్ధతి మారాలి, మిగిలిపోయిన సాల్వెంట్‌కి కొత్త పరిమితి కావాలి, పాత్రలు కడిగే ఎస్‌ఓపీ మారాలి. ఈ జాబితాలో ఒకటి జారిపోయినా ఇన్‌స్పెక్షన్‌లో పట్టుకుంటారు. ‘దీంతోపాటు అది కూడా కదలాలి సార్’ అని ఫైలు ఆపి చెప్పగలిగేది సబ్జెక్టు తెలిసిన పిల్లే. రెండు మూడేళ్లు ఆ కుర్చీలో కూర్చుంటే ప్లాంటులో ఏ పని దేనికి ముడిపడి ఉందో మొత్తం అర్థమవుతుంది. ల్యాబ్‌లో ఒకే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష యంత్రం ముందు నిలబడేవాళ్లకు అంత చూపు రావడానికి చాలాకాలం పడుతుంది. ఇక్కడి నుంచి బ్యాచ్ రికార్డుల రివ్యూ, డీవియేషన్లు (పద్ధతి తప్పిన సంఘటనలు), క్యాపా (వాటిని సరిదిద్ది, మళ్లీ రాకుండా చూడటం) పనుల్లోకి వెళ్లొచ్చు. సాఫ్ట్‌వేర్ మీద ఇష్టముంటే కంప్యూటర్ సిస్టమ్ వాలిడేషన్ (సాఫ్ట్‌వేర్ అనుకున్నట్టే పనిచేస్తోందని రుజువు చేసే పని) ఉంది. హైదరాబాద్ వైపు చూస్తే మందుల అనుమతి దరఖాస్తులు చూసే రెగ్యులేటరీ విభాగాలున్నాయి. జెనెరిక్ మందుల దరఖాస్తులను 2017 మే నుంచి అమెరికా ఎఫ్‌డీఏ ఈ-సీటీడీ అనే ఎలక్ట్రానిక్ రూపంలోనే తీసుకుంటోంది. వేల పేజీలను సరైన వెర్షన్‌తో, సరైన వరసలో కూర్చి పంపాలి. డాక్యుమెంట్ సెల్‌లో చేయి తిరిగినవాళ్లు అక్కడ తొందరగా కుదురుకుంటారు.

అందుకని హెచ్‌ఆర్‌ని ఇవి అడగమనండి. ఉద్యోగం కంపెనీ రోల్స్ మీదా, ఏజెన్సీ కిందా? మొదటి ఆర్నెల్లు రోజువారీ పని ఏమిటి, స్కానింగేనా, ఎస్‌ఓపీలు, బ్యాచ్ రికార్డులు జారీ చేయడమూ ఉంటుందా? తన పేరు మీద సొంత లాగిన్ ఇస్తారా? రాత్రి షిఫ్టు ఉంటే బస్సు అనకాపల్లి దాకా వస్తుందా? మూడో ప్రశ్నకు వాళ్లు తడబడితే మళ్లీ ఆలోచించండి. కారణం చివర్లో చెబుతాను.

మీ మేనల్లుడి మాట నిజమే, కాకపోతే ఆయన లైను వేరు. అక్కడ తిరిగేవి డ్రాయింగులు. రివిజన్ మారిన సంగతి సైటుకు చేరకపోతే పోసిన కాంక్రీటు పగలగొట్టాలి. అలవాట్లు ఒకటే, అనుభవం మాత్రం ఇటునుంచి అటు నేరుగా చెల్లదు.

‘డాక్యుమెంట్ కంట్రోలర్ కోర్సు’ అంటూ వేలకు వేలు అడిగే ఇన్‌స్టిట్యూట్ల జోలికి ఇప్పుడు పోవద్దు. ఎక్సెల్ బాగా రావాలి. డేటా ఇంటిగ్రిటీ (రికార్డుల నిజాయితీ) మీద ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో ప్రశ్నలు, జవాబుల రూపంలో ఇచ్చిన మార్గదర్శకం వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లీషు కష్టంగా ఉన్నా రెండుసార్లు చదవమనండి. చేరేలోపు మీ కొట్టులో ఒక నెల బిల్లులు తీసుకుని చేత్తో చేసి చూడమనండి. జీఎస్టీ రికార్డులు ఎలాగూ వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి కదా. ఒక్కో బిల్లుకు తేదీ, పార్టీ, నంబరుతో ఒకే తీరు పేరు పెట్టాలి, ఎక్సెల్‌లో వరస రాయాలి, రద్దయిన బిల్లును తీసేయకుండా రద్దయిందని గుర్తు పెట్టాలి. తర్వాత మీరు ఏదో ఒక బిల్లు అడగండి. అర నిమిషంలో తీసిస్తే చేయి కుదిరినట్టే.

లాగిన్ సంగతి ఇప్పుడు చెబుతాను. ఎప్పుడో ఒక రాత్రి ఇన్‌స్పెక్షన్ ముందు, పై అధికారి హడావిడిలో ‘నీ పాస్‌వర్డ్ ఇవ్వమ్మా, నేను అప్రూవ్ చేసేస్తా’ అనొచ్చు. ‘నిన్నటి తేదీ వేసి సంతకం పెట్టెయ్’ అనొచ్చు. అందరూ అలా ఉండరు, కానీ అడిగేవాళ్లు ఉంటారు. ఆ లాగిన్‌తో జరిగిన ప్రతి పనీ మీ అమ్మాయి పేరు మీదే నిలిచిపోతుంది, నేను చేయలేదంటే ఎవరూ వినరు. కుదరదు సార్ అని చెప్పే ధైర్యం మొదటి ఉద్యోగంలో ఉన్న పిల్లకు ఒంటరిగా రాదు. ఆ రాత్రి బయటికొచ్చి మీకే ఫోన్ చేస్తుంది. ‘పెద్దాళ్లు చెప్పారుగా, సర్దుకుపో అమ్మా’ అనకండి. ఇవ్వొద్దని చెప్పండి, ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుందామని చెప్పండి. చేరే రోజు బస్సెక్కించేటప్పుడే ఆ మాట ఒకసారి చెప్పి పంపండి.