బాల్చీ తన్నడం గురించి రష్యన్లకు చెప్పేటప్పుడు

చిరంజీవికి,

ఆశీస్సులు. ఇంగ్లిష్ నేర్చుకునే రష్యన్ విద్యార్థుల కోసం, 'కిక్ ద బకెట్' అనే ఇంగ్లిష్ నుడికారం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి వాక్యంలోనే అర్థం చెప్పేశావు: చనిపోవడం. తప్పేం లేదు. కానీ ఆ ఒక్క ముక్క కోసం వాళ్లు నీ దాకా రానక్కర్లేదు, ఏ డిక్షనరీ తెరిచినా దొరుకుతుంది. ఆ మాట ఎవరు, ఎవరి గురించి, ఎవరు వింటుండగా అంటారన్నదే అసలు సంగతి. నీ వ్యాసంలో అది చివరి పేరాలో, అదీ ఒక్క వాక్యంలో ఉంది.

మన తెలుగే చూడు. కాలం చేశారు, పోయారు, టపా కట్టేశాడు, బాల్చీ తన్నేశాడు. అన్నీ ఒకే చావు. పక్కింటి తాతగారు పోయిన రోజు వాళ్ల గుమ్మంలో నిలబడి ఏది అనాలో, ఏది అనకూడదో నీకు ఎవరూ నేర్పలేదు, తెలుసంతే. నీ పాఠకుడికి ఇంగ్లిష్‌లో ఆ తెలివిడి ఇంకా రాలేదు. తోటి ఉద్యోగి తండ్రి పోయాడని తెలిసి, కొత్తగా నేర్చుకున్న మాట కదా అని వాడేస్తాడు. అతణ్ని ఆ ఇబ్బందిలో పడకుండా కాపాడటం నీ పని.

ఇంగ్లిష్ వాళ్ల బాల్చీ మాట మనం తెచ్చేసుకున్నాం గానీ రష్యన్లకు ఆ అవసరం రాలేదు. వాళ్ల దగ్గర సొంత సరుకు బోలెడుంది. రష్యన్ రచయితలు ఇల్ఫ్, పెత్రోవ్‌ల 1928 నాటి హాస్య నవల 'పన్నెండు కుర్చీలు' మొదట్లోనే బెజెన్చుక్ అనే శవపేటికల వ్యాపారి కనిపిస్తాడు. ఎవరు పోతే ఏ మాట అనాలో లెక్కలు చెబుతాడు. చిన్న ముసలమ్మకు ఒక మాట, పొడుగాటి ముసలమ్మకు ఇంకోటి. చూడ్డానికి దర్జాగా ఉన్న పెద్దమనిషి పోతే 'సిగ్రాల్ వ్ యాషిక్', అంటే పెట్టెలోకి చేరాడని. వర్తకుడైతే 'ప్రికజాల్ దోల్గ జీత్', మిగిలినవాళ్లను చాలాకాలం బతకమని చెప్పి వెళ్లాడట! వాకిళ్లు ఊడ్చేవాడో రైతో అయితే కాళ్లు చాచాడు. రైలు కండక్టర్లు, పై అధికార్లు పోతే 'దూబా దాల్', ఓక్ చెట్టు ఇచ్చాడు. శవపేటికలు అమ్ముకునేవాడు చావుకు ఇలా గ్రేడింగ్ చేస్తుంటే నవ్వు ఆగదు.

నీ పాఠకుల్లో చాలామందికి ఈ ఘట్టం తెలిసే ఉంటుంది. నువ్వు దాన్నే వాడుకో. బెజెన్చుక్ ఇంగ్లిష్ బాల్చీని ఏ వరసలో పెట్టేవాడు అని అడుగు. జవాబు వాళ్లకు వెంటనే తట్టదు, ఎందుకంటే అతని లెక్కంతా పోయినవాడి హోదాను, ఆకారాన్ని బట్టి నడుస్తుంది. ఇంగ్లిష్ మాట అలా కాదు. పోయినవాడు రాజైనా ఫరవాలేదు, మాట్లాడేవాడికి ఆ చావు దూరంగా ఉండాలి. లేదా తన చావు మీద తనే జోకు వేసుకోవాలి. వింటున్నవాళ్లలో ఏడుస్తున్నవాళ్లు ఉంటే ఆ మాట నోటికి రాకూడదు. ఇది నాలుగు పేరాలు రాయాల్సిన విషయం.

వ్యాకరణం దగ్గర నీకు ఒక సౌకర్యం ఉంది, నువ్వు గమనించినట్టు లేదు. జబ్బుతో మంచాన పడ్డ మనిషి మూడు వారాలుగా చావుబతుకుల్లో ఉంటే, ఇంగ్లిష్‌లో 'డయింగ్' అనొచ్చు గానీ 'కికింగ్ ద బకెట్' అనరు. మూడు వారాలుగా బాల్చీ తన్నుతున్నాడంటే మనకూ నవ్వొస్తుంది. రష్యన్లకు ఇది చెప్పడం చిటికెలో పని. వాళ్ల క్రియల్లో పూర్తయిన పనికి ఒక రూపం, సాగుతున్న పనికి ఇంకో రూపం ఉన్నాయి కదా. పూర్తయిన రూపం 'సిగ్రాల్'ను సాగుతున్న రూపం 'ఇగ్రాల్'గా మారిస్తే వాళ్ల నుడికారమూ చెదిరిపోతుంది. అది చూపించి వదిలేయ్.

బాల్చీ ఎక్కడి నుంచి వచ్చిందన్న కథకు నువ్వు పేజీన్నర ఇచ్చావు. ఉరేసుకునేవాడు కాళ్ల కింది బాల్చీని తన్నాడని ఒక కథ. పందిని తలకిందులుగా వేలాడదీసే దూలాన్ని కొన్ని ఊళ్లలో బకెట్ అనేవాళ్లని, చచ్చే పంది దాన్ని తన్నేదని ఇంకోటి. రెండో దానివైపు కాస్త మొగ్గు ఉన్నా, ఏదీ రుజువు కాలేదు. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో వేసిన మోటు మాటల నిఘంటువులోనే ఈ మాట ఉంది, అది చెబితే చాలు. ఉరితాడు కథ గుర్తుండి వాడుక మర్చిపోయే విద్యార్థులే ఎక్కువ.

'బకెట్ లిస్ట్'కు, అంటే పోయేలోపు చేయాలనుకున్న పనుల జాబితాకు, మాత్రం చోటు పెంచు. ఈ నుడికారం లోంచే పుట్టినా దాన్లో మోటుతనం లేదు, బామ్మ కూడా హాయిగా అనొచ్చు. 2007లో ఆ పేరుతో వచ్చిన సినిమాను రష్యాలో 'పెట్టెలోకి చేరకముందే' అన్న అర్థం వచ్చే పేరుతో విడుదల చేశారు. బాల్చీని వదిలేసి తమ పెట్టెను పట్టుకున్నారు, మంచి పని. కాకపోతే 'లిస్ట్' ఎగిరిపోయింది. అందుకని ఆ ముక్క నువ్వు విడిగా చెప్పాలి.

చివరగా, ఆసుపత్రి వరండాలో సంభాషణ రాశావే, అది తీసేయ్. ఆఫీసులో ప్రింటర్ పాడైనట్టు రాయి. యంత్రాలకూ ఇంగ్లిష్‌లో బకెట్ చెల్లుతుంది, రష్యన్లు తమ ఫోన్ చచ్చినా 'ప్రికజాల్ దోల్గ జీత్' అని సరదాగా అంటారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి, సంభాషణ ఆరు వాక్యాలకు మించకుండా చూసి, వచ్చే వారం పంపు.

నీ మాస్టారు