మియాజిమా వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

నువ్వూ పాపా వచ్చే నెల హిరోషిమా వెళ్తున్నారని, మియాజిమా దీవిలో ఇత్సుకుషిమా గుడి కూడా చూస్తారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఒక్కదానివే పిల్లని వెంటేసుకుని అంత దూరం! సంతోషం పట్టలేక పక్కింటావిడకి కూడా చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మీ పెదనాన్న ఉద్యోగం పుణ్యమా అని మూడేళ్లు అక్కడ ఉన్నదాన్ని, నా మాట కాస్త విను.

దారి సులువే. హిరోషిమా నుంచి లోకల్ రైల్లో అరగంట, మియాజిమాగుచిలో ఫెర్రీ ఎక్కితే పది నిమిషాలు. గుడి టికెట్టు 300 యెన్లు, 2023 నుంచి ఫెర్రీ దగ్గర ఇంకో 100 పన్ను. నీళ్ల తొట్టి దగ్గర ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడుక్కుని, అరచేతిలో నీళ్లు పోసుకుని పుక్కిలించు. గరిటెకి నోరు పెట్టకు, ఎంగిలి పట్టింపు వాళ్లకీ ఉంది. దేవుడి ముందు రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. జింకలకి ఏమీ పెట్టకు. చేతిలో కాగితం అసలే వద్దు.

ఎందుకంటే, 1998లో మేం వెళ్లినప్పుడు ఆటు ఎన్నింటికో, పోటు ఎన్నింటికో పెదనాన్న కాగితం మీద రాసిచ్చారు. రేవు దిగగానే ఒక జింక వెనక నుంచి వచ్చి అది లాక్కుని నమిలి మింగేసింది. మా వాడికి, అదే మీ అన్నయ్యకి, అప్పుడు ఐదేళ్లు, ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నీళ్లు కళ్ల ముందే ఉంటాయి కదా, కాగితం ఎందుకులే అనుకున్నాను.

అప్పుడు ఆటు. గుడికి ఎదురుగా సముద్రంలో గుమ్మంలా నిలబెట్టిన ఎర్ర తోరణం కాళ్ల దాకా బురద నేల బయటపడింది. జనం వెనకే మేమూ దిగాం. 16 మీటర్ల పైచిలుకు ఎత్తు, రెండు పెద్ద స్తంభాలూ కర్పూరం చెట్టు మానులు. 1875లో కట్టిన ఆ తోరణాన్ని నేలలో పాతలేదు, తన బరువుతోనే నిలబడింది. కదలకుండా పైదూలం లోపల రాళ్లు నింపారు. అది విని అన్నయ్య స్తంభాన్ని నెట్టి చూశాడు. పగుళ్లలో ఎవరో దూర్చిన నాణేలు చూసి వాడూ ఒకటి దూర్చాడు. (అలా చేయొద్దని అక్కడివాళ్లు గట్టిగా చెబుతున్నారు. పాపకి ముందే చెప్పు.) నేను ఒడ్డుకి వీపు పెట్టి ఫొటోలు తీస్తున్నాను.

తిరిగి చూస్తే మాకూ ఒడ్డుకీ మధ్య పల్లంలో నీళ్లు. చప్పుడు లేదు, అల లేదు. మన హంసలదీవి దగ్గర సముద్రం అరుచుకుంటూ వస్తుంది, ఇది పిల్లిలా వచ్చింది. మోకాలి లోతే. కానీ 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన రాత్రి అటక మీద కూర్చుని, కింద మా ఇంట్లోనే నీళ్లు పెరగడం చూసిన పన్నెండేళ్ల పిల్లకి మోకాలి లోతు అంటే ఏమిటో మీ అమ్మనడుగు. వద్దులే, అప్పటికది చంటిపిల్ల, దానికేం గుర్తుంటుంది. నాకు అడుగు పడలేదు. అన్నయ్య చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది, వాడు దానికోసం ఏడుపు. అక్కడ గుల్లలు ఏరుకుంటున్న ముసలావిడ బకెట్ వదిలేసి "అబునై, అబునై" అంటూ వచ్చి, వాణ్ణి చంకనేసుకుని, నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ప్రమాదం అని అర్థం. నేర్చుకున్న జపనీసంతా పోయింది గానీ ఆ మాట పోలేదు. ఒడ్డెక్కాక అన్నయ్యని కొట్టాను. తప్పు నాది, దెబ్బ వాడికి. తనకి గుర్తే లేదంటాడు. నేను నమ్మను.

కాబట్టి పోటు పట్టిక ఫోన్లో చూసుకోకుండా బురదలోకి దిగావో, ఊరుకోను. నీటిమట్టం 100 సెంటీమీటర్ల లోపుంటే తోరణం దాకా నడవొచ్చు, 250 దాటితే అది తేలుతున్నట్టుంటుంది. ఆటుకీ పోటుకీ మధ్య సుమారు ఆరు గంటలు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఇంకా ఎక్కువ, మీ తాతయ్య చెప్పేవాడు.

పోటు వేళకి గుడిలో ఉండు. నేల చెక్కల మధ్య సందులు పాపకి చూపించు. నీళ్లు కిందనుంచి తోసుకొస్తే చెక్కలు లేచిపోకుండా, దారి ఇవ్వడానికి వదిలినవి. దీవే దైవమని, దాని మీద కట్టకుండా నీళ్ల మీద కట్టారట. 1168లో తైరా నో కియోమోరి అనే సేనాని ఇచ్చిన రూపం అది. సముద్రం రోజుకి రెండుసార్లు గుడి కిందకి వస్తుంటే, రానీ అని సందులు పెట్టుకున్నారు చూడు! పెదనాన్న ఈ మాట చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు రావట్లేదు.

లోపల కొలువున్నది ముగ్గురు అక్కచెల్లెళ్లు, సముద్రం మీద పోయేవాళ్లని కాచే దేవతలు. వాళ్లలో ఇచికిషిమా హిమేని బెంజాయితెన్‌గా కొలిచేవారు, అంటే మన సరస్వతే. ఆవిడ గుడి ఇప్పుడు పక్కనే, దైగన్‌జిలో. పాపకి బాసరలో అక్షరాభ్యాసం చేయించావుగా, అక్కడికీ తీసుకెళ్లు.

ఆ రోజు నేను గుడి లోపలికి వెళ్లలేదు. తడి బట్టలతోనే ఫెర్రీ ఎక్కేశాం. తర్వాత పెదనాన్న ఎన్నిసార్లు పిలిచినా కదల్లేదు. నా తరఫున రెండు చప్పట్లు కొట్టు. పాపకి మడమ దగ్గర పట్టీ ఉన్న చెప్పులు కొను. ఫెర్రీ ఎక్కేముందు ఆ రోజు పోటు టైము నాకు వాట్సాప్‌లో పెట్టు. అక్కడ తొమ్మిదైతే ఇక్కడ ఐదున్నరే, అయినా లేచే ఉంటాను.

మీ పెద్దమ్మ