“వాళ్ళు గట్టి మనుషులమ్మా” అని వదిలేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం అట్లాంటాలో ఉంటాం. పక్క అపార్ట్‌మెంట్‌లోని నల్లజాతి అమ్మాయికి ఏడు వారాల క్రితం పాప పుట్టింది. తొలి కాన్పు. పాప పడుకున్నా తను నిద్రపోదు. తలనొప్పి అంటుంది, చిన్నదానికే చిరాకు పడుతుంది. ఆరు వారాల చెకప్‌కి నేనే కారులో తీసుకెళ్లాను. అక్కడ డిప్రెషన్ ఫారం ఇస్తే అన్నిటికీ ‘బాగానే ఉంది’ అన్నట్టే టిక్కులు పెట్టింది. తిరిగొస్తూ “నిజం రాస్తే పాపను తీసుకుపోతారు” అంది. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. “వాళ్ళు గట్టి మనుషులమ్మా, నువ్వు ఊరికే టెన్షన్ పడకు” అంటోంది. నేనేం చేయాలి?
– ఒక పాఠకురాలు, అట్లాంటా

సమాధానం: ముందు మీ అమ్మగారి మాట గురించి చెప్తాను. ఆవిడ చెడుగా అనలేదు. కానీ అచ్చం అదే మాట అమెరికా ఆస్పత్రుల్లో తెల్లకోటు వేసుకుని తిరుగుతోంది. 2016లో వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకులు తెల్లజాతి మెడికల్ విద్యార్థులను, రెసిడెంట్ డాక్టర్లను ప్రశ్నిస్తే, ‘నల్లవాళ్ళ చర్మం మందం’ లాంటి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒకటి నిజమేనన్నవాళ్ళు దాదాపు సగం మంది తేలారు. అలా నమ్మినవాళ్ళే నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా లెక్కగట్టారు. సెరెనా విలియమ్స్ అంతటి మనిషి కూడా 2017లో కాన్పయ్యాక ఊపిరి ఆడక, సీటీ స్కాన్ తీయమని తనే పట్టుబట్టాల్సి వచ్చింది. తీస్తే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు కనబడ్డాయి.

ఒంటి నొప్పికే ఈ గతి పడితే మనసు నొప్పిని ఎవరు పట్టించుకుంటారు? న్యూజెర్సీలో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కింద కాన్పయిన తల్లుల రికార్డులపై 2011లో ఒక అధ్యయనం వచ్చింది. కాన్పు తర్వాత మానసిక వైద్యం మొదలుపెట్టినవారు తెల్లజాతి తల్లుల్లో 9 శాతం, నల్లజాతి తల్లుల్లో 4 శాతం. 

ఇక ప్రభుత్వ అధికారులు పాపను తీసుకుపోతారన్న భయం. దాన్ని వెర్రి భయం అని కొట్టేయకండి. ఫ్లోరిడాలోని పినెల్లస్ కౌంటీ లెక్కలు 1990లో అచ్చయ్యాయి. గర్భిణుల్లో మత్తుమందుల వాడకం నల్లవాళ్ళలోనూ తెల్లవాళ్ళలోనూ ఇంచుమించు ఒకేలా ఉంది. అధికారులకు రిపోర్టు చేసింది మాత్రం నల్లజాతి స్త్రీలను దాదాపు పది రెట్లు ఎక్కువ. ఇలాంటివి చూసిన తల్లులు, అమ్మమ్మలు ఉన్న ఇంట్లో పెరిగిన పిల్ల ఫారం చేతికివ్వగానే నిజం రాస్తుందని ఎలా అనుకుంటాం?

ఆ ఫారం బహుశా 1987లో తయారైన ఎడిన్‌బరో స్కేల్ అయి ఉంటుంది. పది ప్రశ్నలు. స్కోరు ఎక్కువొస్తే డాక్టర్లు కంగారు పడతారు. నాకైతే సున్నా వచ్చినా అనుమానమే. రాత్రికి రెండు గంటలు కూడా కునుకు లేని పచ్చి బాలింతకు ఒక్క ప్రశ్నలోనూ ఇబ్బంది లేదంటే, ఆమె నన్ను నమ్మలేదని అర్థం చేసుకుంటాను.

ఇక ఆమె సంగతి. కాన్పయ్యాక మొదటి రెండు వారాలు ఏడుపు, దిగులు చాలామందికి వచ్చి పోతాయి. ఏడో వారంలోనూ పాప నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టకపోవడం, చిరాకు ఉన్నాయంటే డిప్రెషనో, యాంగ్జయిటీయో ఉండే అవకాశం ఎక్కువ. దిగులు అందరిలోనూ ఏడుపుగా కనిపించదు. కొందరిలో కోపంగా, ఒళ్ళునొప్పులుగా బయటపడుతుంది. అలాగని తలనొప్పిని కూడా మనసు ఖాతాలో రాసేయకండి. కాన్పయిన కొన్ని వారాల దాకా బీపీ పెరిగే ప్రమాదం ఉంది, నల్లజాతి స్త్రీలలో అది ఎక్కువ. ఇవాళే బీపీ చూడండి. 140/90 దాటితే ఆ రోజే క్లినిక్‌కి ఫోన్ చేయించండి. 160/110 ఉన్నా, కళ్ళు మసకబారినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా ఎమర్జెన్సీకి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా అడగమనండి.

“నువ్వు స్ట్రాంగ్” అని మాత్రం అనకండి. ఆ మాట ఆమె పుట్టినప్పటి నుంచీ వింటోంది. “రాత్రి మరీ ఏ టైమ్‌లో కష్టంగా ఉంటోంది?” అని అడిగి, ఊరుకుని వినండి. మళ్ళీ క్లినిక్‌కి వెళ్ళినప్పుడు, ఒప్పుకుంటే, మీరూ గదిలోకి వెళ్ళండి. ఫారం నింపకముందే “నేను రాసేది ఎవరెవరు చూస్తారు? దాన్నిబట్టి మీరేం చేస్తారు?” అని అడిగే హక్కు ఆమెకుంది. డిప్రెషన్‌కి మందు తీసుకోవడం చెడ్డ తల్లి అనడానికి సాక్ష్యం కాదు. అయినా ఆమె భయం పోవాలంటే ఆ సంగతి క్లినిక్ వాళ్ళే తమ నోటితో చెప్పాలి.

క్లినిక్ కన్నా ముందు ఫోన్‌లో మాట్లాడతానంటే 1-833-852-6262 తల్లుల కోసమే నడిచే జాతీయ హెల్ప్‌లైన్. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, మెసేజ్ కూడా చేయొచ్చు. పోస్ట్‌పార్టమ్ సపోర్ట్ ఇంటర్నేషనల్ అనే సంస్థ నల్లజాతి తల్లుల కోసం ఆన్‌లైన్ గ్రూపులు నడుపుతోంది. తనలాంటి ఇంకో తల్లి “నాకూ ఇలాగే అయింది” అంటే, నాలాంటి డాక్టర్ పది నిమిషాల మాటకన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది. మెడికెయిడ్ ఉంటే ఆరు వారాలతో ఆగిపోతుందని భయపడొద్దు. జార్జియాలో 2022 నుంచి అది కాన్పయ్యాక ఏడాది దాకా ఉంటుంది.

వైద్యానికి కౌన్సెలింగ్ ఉంది, పాలిచ్చే తల్లులకు కూడా రాసే సెర్ట్రలిన్ లాంటి మందులున్నాయి. పద్నాలుగు రోజులే వేసుకునే జురనొలోన్ అనే మాత్రకు 2023 ఆగస్టులో అనుమతి వచ్చింది. ఏది సరిపోతుందో ఆమెను చూసిన డాక్టరే చెప్పాలి.

చచ్చిపోవాలనిపిస్తోందన్నా, పాపకు ఏమైనా చేస్తానేమో అన్నా, లేని గొంతులు వినిపిస్తున్నాయన్నా, నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారుతో తిరుగుతున్నా ఒంటరిగా వదలకండి. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి. పోలీసులు వస్తారని భయపడితే ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభాల హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయొచ్చు, లేదా ఇంకొకరిని తోడు పెట్టుకుని మీ కారులోనే తీసుకెళ్ళొచ్చు. ప్రాణం మీదికొస్తే మాత్రం 911కే చేయండి.

మీ అమ్మగారికీ ఒక పని చెప్తాను. ఆ అమ్మాయిని అడిగి, రోజూ మధ్యాహ్నం పాపను రెండు గంటలు ఎత్తుకోమనండి. ఆ రెండు గంటలూ తలుపేసుకుని ఆమె పడుకుంటుంది. అప్పటికీ నిద్ర పట్టడం లేదంటే, ఆ సంగతే క్లినిక్‌లో మొట్టమొదట చెప్పించండి.