పెట్రోలు ముల్లు పైకి లేవకపోతే

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నాన్న మారుతి 800లో ట్యాంకు నింపినా ముల్లు ఖాళీ దగ్గరే ఉంటోందని, మెకానిక్ కొత్త మీటర్ వేయాలన్నాడని రాశావు. ఇప్పుడే ఒప్పుకోకు తల్లీ.

ముందు ఫ్యూజ్ చూడు. టెంపరేచర్ ముల్లు కూడా కదలడం లేదంటే రెండింటికీ వెళ్లే కరెంటే సరిగా అందడం లేదన్నమాట. అది బాగానే ఉంటే ట్యాంకు వైపు వెళ్లాలి. లోపలి యూనిట్‌లో ఫ్లోట్ అనే తేలే బుడ్డి పెట్రోలుతో పాటు లేచి దిగుతూ రెసిస్టెన్స్, అంటే కరెంటుకి ఉండే అడ్డు, మారుస్తుంది. నీ బండిలో ట్యాంకు నిండితే రెసిస్టెన్స్ తగ్గి, కరెంటు పెరిగి ముల్లు లేస్తుంది. అందుకే వైరు తెగినా, ఎర్త్, అంటే యూనిట్‌ని బండి బాడీకి కలిపే వైరు, పోయినా ముల్లు ఖాళీయే చూపిస్తుంది.

బండిని ఆరుబయట పెట్టి, తాళం ఆపి, ట్యాంకు యూనిట్‌కి వెళ్లే వైరు ఊడదీయి. దానికి 3.4 వాట్ల చిన్న బల్బు తగిలించి, బల్బు రెండో కొస బాడీకి కలిపాక తాళం తిప్పు. ముల్లు మెల్లగా లేస్తుంది, ఒక నిమిషం ఓపిక పట్టు. లేచిందంటే మీటర్, అక్కడిదాకా వచ్చే వైరు రెండూ మంచివే.

అప్పుడు ఎర్త్ చూడాలి. నా పాత బండికి ఇలాగే అయితే ఒకాయన మీటర్ మార్చాడు. వారం తిరక్కుండా క్రోంపేట దగ్గర జీఎస్టీ రోడ్డు మీద పెట్రోలు అయిపోయి ఆగిపోయాను, పక్కన మీ పెద్దమ్మ, చంటిపిల్ల. తీరా చూస్తే ఎర్త్ వైరు బిగించిన బోల్టు కింద పచ్చటి చిలుము. ఉప్పుకాగితంతో రుద్ది, లోహం మెరిసేదాకా గీకి బిగిస్తే ముల్లు లేచింది. మన చెన్నై ఉప్పుగాలికి పాత బండ్లలో ముందు దెబ్బతినేవి ఇలాంటి చోట్లే.

ఎర్త్ కూడా బాగుంటే ఇక యూనిట్ బయటికి తీయక తప్పదు. ఆ పని నువ్వు పెట్టుకోకు, పెట్రోలు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. మెకానిక్ బ్యాటరీ నెగటివ్ తీశాకే ట్యాంకు తెరవాలి. ఫ్లోట్‌ని చేత్తో ఎత్తి దించుతూ మల్టీమీటర్ చూడమను, అంకె గెంతకుండా మారాలి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపమను, లోపల పెట్రోలు చప్పుడైతే అది చిల్లుపడ్డట్టే. యూనిట్ పుదుపేటలో పాతది దొరికినా ఫరవాలేదు, రబ్బరు వాషర్ మాత్రం కొత్తదే వేయించు.

అంతదాకా పెట్రోలు పోయించిన ప్రతిసారీ కిలోమీటర్లు రాసి పెట్టుకో. రాత్రివేళ ఒక్కదానివే తిరుగుతావు, నాకు అదే టెన్షన్. ఆదివారం పెరంబూరుకి బండి తీసుకురా, బల్బు, ఉప్పుకాగితం నా దగ్గరున్నాయి. ట్యాంకు మాత్రం నింపుకురావద్దు, తెరవాల్సి వస్తే కష్టం.