బండి మేనమామది, తాళం మేనల్లుడి చేతిలో

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అబ్బాయికి పదిహేడేళ్లు. రోజూ సాయంత్రం బండి మీద పాతపట్నం ట్యూషన్‌కి వెళ్తాడు. బండి టెక్కలిలో ఉండే మా బావమరిది దగ్గర రెండేళ్ల కిందట కొన్నాం. కాగితాలు ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి, ఆంధ్రా నంబరు. మొన్న పాతపట్నంలో పోలీసులు ఆపి, నన్ను పిలిపించి, హెచ్చరించి వదిలేశారు. మేం ఒడిశా వాళ్లం కదా, వాళ్లు మా మీద కేసు పెట్టగలరా? పెడితే నా మీదా, బావమరిది మీదా?
– ఒక తండ్రి

జవాబు: పెట్టగలరు. మోటారు వాహనాల చట్టం కేంద్ర చట్టం. పర్లాకిమిడిలో ఉన్న సెక్షనే పాతపట్నంలోనూ ఉంది. తప్పు ఎక్కడ జరిగితే కేసు అక్కడే నడుస్తుంది. వాయిదాలకు వెళ్లాల్సింది శ్రీకాకుళం జిల్లా కోర్టులకే.

మీ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. 2019 సవరణలో 199ఎ అనే సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి పట్టుబడితే గార్డియన్‌ని గానీ, బండి యజమానిని గానీ దోషిగా చూస్తారు. శిక్ష మూడేళ్ల వరకు జైలు, పాతికవేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఇది రోడ్డు మీద చలానా కట్టి ముగించుకునే కేసు కాదు. పైగా అబ్బాయికి పాతికేళ్లు నిండేదాకా ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకు ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) కూడా ఇవ్వరు. తల్లిదండ్రులు జరిమానా గురించే అడుగుతారు గానీ, పిల్లవాడికి ఎక్కువ నష్టం ఇక్కడే. డిగ్రీ అయి ఉద్యోగంలో చేరాక కూడా బండి ముట్టుకోకూడదు.

‘నాకు తెలియకుండా తీసుకెళ్లాడు’ అనొచ్చు కదా అంటారు. చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. కానీ మీ సమ్మతితోనే నడిపాడని కోర్టు ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు మీదే. ‘రోజూ వెళ్తాడు’ అని మీరే రాశారు. ఈ ఉత్తరం ప్రాసిక్యూటరు చేతిలో పడితే ఆయనకు వేరే సాక్షి అక్కర్లేదు.

ఇక మీ బావమరిది. ఆయన డబ్బు తీసుకుని బండి ఇచ్చేశారు, దాని సంగతే మరిచిపోయి ఉంటారు. చట్టం మరవలేదు. బండి అమ్మేసినా ఆర్‌సీలో, అంటే రిజిస్ట్రేషన్ పత్రంలో, ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. రేపు మీ అబ్బాయి ఎవరినైనా గుద్దితే పరిహారం కేసులో నోటీసు టెక్కలికే వెళ్తుంది. ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోవద్దు. లైసెన్సు లేనివాడు నడిపితే కంపెనీ మామూలుగా ముందు బాధితుడికి చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది. నాకు తెలియకుండా మైనరు తాళం తీసుకున్నాడని ఒక యజమాని వాదిస్తే, బండి మైనరు చేతికి చిక్కకుండా చూసుకోవాల్సింది నువ్వేనని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు ప్రమాదం బావాబావమరుదుల మధ్య అప్పు తగాదాగా మారడం మా వృత్తిలో కొత్త కాదు.

పదహారు నిండితే గేర్లు లేని బండికి లైసెన్సు ఇస్తారని మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. నిజమే, కానీ యాభై సీసీ లోపు వాటికే. అలాంటివి ఇప్పుడు షోరూముల్లో దాదాపు దొరకవు. ట్యూషన్ మానలేకపోతే గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారున్న బ్యాటరీ స్కూటర్ చూడండి. దానికి లైసెన్సు అక్కర్లేదు. కొనేముందు ఆ పరిమితులకు లోబడి ఉందని తెలిపే ధ్రువపత్రం చూపించమనండి, సేల్స్‌మన్ మాట చాలదు. హెల్మెట్ మాత్రం పెట్టించండి, బెల్టు బిగించి. మీ వైపు కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకటి పడ్డాక లైటు వెలుగులోకి వచ్చేదాకా ఆ రాళ్లు కనబడవు. ట్యూషన్ వదిలేది ఆ వేళకే.

ఇప్పటికి కేసు పడలేదు కాబట్టి, పద్దెనిమిది నిండగానే ఒడిశాలోనే ఎల్‌ఎల్‌ఆర్‌కి పెట్టించండి. అది ఆరు నెలలు చెల్లుతుంది, ముప్పై రోజులయ్యాక డ్రైవింగ్ టెస్టుకు వెళ్లొచ్చు. ఆ నెల రోజులూ ముందూ వెనకా ఎర్రటి ‘ఎల్’ ఉండాలి. వెనక కూర్చునేది లైసెన్సున్న మీరే, స్నేహితుడు కాదు. బ్రేకు ఎప్పుడు వేయాలో, లారీని ఎక్కడ దాటకూడదో మీరు వెనక కూర్చుని చెబితేనే వాడికి అబ్బుతుంది. యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న చెయ్యి మలుపులో తెలిసిపోతుంది.

ఈలోగా ఆర్‌సీ పని మొదలుపెట్టండి. ఒక రాష్ట్రం బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. మీరు ఆ గడువు ఎప్పుడో దాటేశారు. బావమరిదిగారి చేత ఆంధ్రాలో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీయించి, గజపతి జిల్లా ఆర్టీవో ఆఫీసులో పేరు మార్పుకు, కొత్త నంబరుకు దరఖాస్తు చేయండి. ఒడిశాలో రోడ్డు పన్ను కట్టాల్సి ఉంటుంది. ఆ రసీదు జాగ్రత్తగా ఉంచుకుంటే, ఆంధ్రాలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు.