గింజల పాలు ఎందుకు పలుగుతాయి?

పాలు పడక గింజల పాలకు మళ్లిన ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు ఇవి. దాదాపు అందరిదీ ఒకటే మాట: చేశాం, కుదరలేదు. తప్పు ఎక్కువసార్లు గింజలో లేదు. నీళ్లలోనో, మంటలోనో, ఏది ముందు ఏది వెనుక అన్న వరుసలోనో ఉంది.

ప్ర: మా అత్తమ్మకు పాలు తాగితే కడుపు ఉబ్బుతున్నది. పల్లీ పాలు చేసి ఇస్తే పచ్చి వాసన అంటున్నరు, నోట్లో పిండి పిండిగా తగులుతున్నదట. ఎక్కడ తప్పు చేస్తున్న? (పాఠకురాలు, వనపర్తి)

జ: ఈ రెండింటికీ కారణాలు వేరు. పచ్చి గింజకు వేడి చూపించకుండా రుబ్బితే వాసన వస్తుంది. పల్లీలో ఉండే ఒక ఎంజైమ్, గింజ నలిగి నీళ్లు తగలగానే అందులోని నూనె మీద పని మొదలుపెడుతుంది. ఒకసారి పుట్టిన ఆ వాసన తర్వాత ఎంత మరిగించినా పూర్తిగా పోదు. కాబట్టి దాన్ని రుబ్బకముందే ఆపాలి.

150 గ్రాముల పచ్చి పల్లీలు తీసుకోండి. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, ఆకుపచ్చ బూజు పట్టినవి ఏరి పారేయండి. ఇక్కడ పొదుపు చూడొద్దు. బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం మరిగించినా పోదు. ఏరిన గింజలను 8 గంటలు నానబెట్టండి. ఎండాకాలంలో బయట పెడితే 3, 4 గంటలకే నీళ్లు నురగ కట్టి పులుస్తాయి, కాబట్టి నీళ్లు మారుస్తూ ఉండాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. నానిన గింజలను మరుగుతున్న నీళ్లలో 3 నిమిషాలు ఉంచి, వార్చి, చల్లనీళ్లలో వేయండి. రెండు వేళ్ల మధ్య నొక్కితే పొట్టు జారిపోతుంది. పొట్టు పోతే వగరూ పోతుంది.

ఇక పిండి పిండిగా తగలడం. నీళ్లన్నీ ఒకేసారి మిక్సీలో పోస్తున్నారేమో చూడండి. నీళ్లు ఎక్కువైతే గింజ జార్‌లో గిరగిరా తిరుగుతుందే తప్ప నలగదు. ముందు 250 మి.లీ. చల్లనీళ్లే పోసి, అర నిమిషం తిప్పి ఆపుతూ, వెన్నలాగా అయ్యేదాకా రుబ్బండి. వేలికి రాసుకుంటే రవ్వ తగలకూడదు. తర్వాత మిగతా 500 మి.లీ. పోసి మరో నిమిషం తిప్పండి. టీ వడపోసే జల్లెడ దీనికి పనికిరాదు. ఉతికిన పాత నూలు పంచె ముక్కను రెండు మడతలు వేసి, మూట కట్టి పిండండి.

వడగట్టిన పాలను అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి, గంటెతో అడుగు నుంచి కలుపుతూ కాచండి. పల్లీ పాలు అడుగంటడంలో బర్రె పాలను మించిపోతాయి. పొంగు రాగానే మంట తగ్గించి మరో 8 నుంచి 10 నిమిషాలు ఉంచి, చిటికెడు ఉప్పు వేసి దించండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి. అడుగున తేరుకోవడం మామూలే, సీసా ఊపితే కలిసిపోతుంది. పైన నూనె తేలుతుంటే మాత్రం బహుశా గింజను వేయించి రుబ్బారనో, మిక్సీ వేడెక్కిందనో అర్థం.

ఇంకొక మాట. పాలలోని లాక్టోజ్ అరగక ఉబ్బరం వచ్చేవాళ్లలో చాలామందికి పెరుగు పడుతుంది, ఎందుకంటే తోడుకునేటప్పుడు లాక్టోజ్ కొంత తగ్గుతుంది. అత్తమ్మకు డాక్టర్ పెరుగు కూడా వద్దనకపోయి ఉంటే, ముందు నాలుగు చెంచాలు ఇచ్చి చూడండి. పడితే రోజూ మిక్సీ తిప్పే పని తప్పుతుంది. పల్లీ పడనివాళ్లూ ఉంటారు. తిన్నాక దద్దుర్లు వచ్చినా, పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ప్ర: మీరు చెప్పినట్టే అన్నీ చేసినా కాగేటప్పుడు సోయా పాలు, పల్లీ పాలు రెండూ పలిగిపోతున్నయి. మాకు బోరు నీళ్లే దిక్కు. (పాఠకుడు, మర్రిగూడ)

జ: జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. మీ నీళ్లలో సబ్బు నురగ రాదు కదా? కందిపప్పు ఎంతకూ ఉడకదు, నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర పడుతుంది. అవి కాల్షియం, మెగ్నీషియం లవణాలు. సోయా పాలను గడ్డకట్టించి టోఫు చేసేవాళ్లు కలిపేది జిప్సం, అంటే కాల్షియం లవణమే. మీ బోరు అదే పనిని అడగకుండా చేసి పెడుతున్నది. నీళ్లు తేటపడాలని పటిక తిప్పే అలవాటు ఉంటే ఇంకా త్వరగా విరుగుతాయి, పటిక కూడా మాంసకృత్తులను గడ్డకట్టిస్తుంది.

బోరు నీళ్లను 10 నిమిషాలు మరిగించి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేట వంచుకుంటే కొంత గట్టిదనం తగ్గి పాలు నిలబడవచ్చు. కానీ మీ ప్రాంతానికి ఈ చిట్కా చెప్పడానికి మాకు మనసొప్పడం లేదు. మీ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, అది మరిగిస్తే పోదు. నీళ్లు ఆవిరై తగ్గినకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని ప్రమాణం. ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టారంటే ఇక్కడి నేల సంగతి తెలిసిందే. అందుకని గింజ నానబెట్టడానికి, రుబ్బడానికి, పలచన చేయడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో వాడండి. నానబెట్టే నీళ్లు కాకుండా, లీటరు పాలకు లీటరుంబావు నీళ్లు పట్టుకుంటే చాలు. బోరు నీళ్లు గిన్నెలు కడగడానికి ఉంచండి.

ప్ర: పల్లీ పాలు చాయ్‌లో పోయగానే తరకలు తరకలుగా అయితున్నది. అల్లం లేకుంటే మా ఇంట్లో చాయ్ తాగరు. (పాఠకురాలు, జడ్చర్ల)

జ: దోషం ఆ అల్లానిది కావచ్చు. పచ్చి అల్లంలో మాంసకృత్తులను తెంచే ఎంజైమ్ ఉంటుంది. దంచిన అల్లం పాలలో పడితే పాలు విరుగుతాయి. ముందు నీళ్లలో అల్లం వేసి 4, 5 నిమిషాలు బాగా మరిగించండి, ఎంజైమ్ చచ్చిపోతుంది, ఘాటు మిగులుతుంది. తర్వాత చాయ్‌పత్తి వేసి డికాక్షన్ దింపండి. పాలను వేరే గిన్నెలో పొగలు వచ్చేదాకా వేడి చేసి, డికాక్షన్‌ను పాలలోకి వడపోయండి. పాలను డికాక్షన్‌లోకి కాదు. కలిపాక మళ్లీ పొయ్యి మీద పెట్టొద్దు. మన చాయ్ అలవాటుకు ఇది కాస్త కష్టమే, కలిపి మరిగించకుంటే చాయ్ ఎట్లా అయితదంటారు! అయినా వేరే దారి లేదు.

చాయ్‌కి పాలు చిక్కగా ఉండాలి. 150 గ్రాముల పల్లీలకు 600 మి.లీ. నీళ్లు చాలు. అప్పటికీ విరిగితే అర లీటరు పాలకు చిటికెలో సగం తినే సోడా కలపండి. పొద్దుతిరుగుడు గింజల పాలకు మాత్రం సోడా తగలనివ్వొద్దు, ఆకుపచ్చగా మారతాయి. విషమేమీ కాదు గానీ ఆ రంగు చాయ్ ఎవరూ ముట్టుకోరు. బెల్లం చాయ్ అయితే బెల్లం కప్పులోనే వేసుకోండి.

ప్ర: పల్లీ పాలు తోడుకుంటాయా? (పాఠకురాలు, నల్గొండ)

జ: తోడుకుంటాయి, గడ్డ పెరుగంత గట్టిగా కాదు. చాయ్‌కి చెప్పిన చిక్కదనంతోనే పాలు చేసి, 10 నిమిషాలు కాచి, వేలు పెడితే ఓర్చుకునే వేడికి రానివ్వండి. తోడు సూక్ష్మజీవులకు తిండి కావాలి, ఈ పాలలో లాక్టోజ్ ఉండదు, కాబట్టి అర లీటరుకు ఒక చెంచా చక్కెర కలపండి. పాల తోడు అసలే వద్దనుకుంటే కడిగిన పచ్చిమిరపకాయల తొడిమలు 8, 10 వేసి మూత పెట్టండి. 10, 12 గంటలకు తొలి పెరుగు వదులుగా, కొంచెం వాసనతో వస్తుంది. దాన్ని తినకుండా రెండు చెంచాలు తోడుగా వాడితే రెండోసారి బాగా కుదురుతుంది. ఎండాకాలంలో ఆ రెండో పెరుగు 6 గంటలకే తయారు. గులాబీ రంగు మచ్చలు కనిపించినా, చెంచాకు తీగలా సాగినా పారబోయండి. మజ్జిగ పులుసుకు ఇది బాగుంటుంది. పెరుగన్నం విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోండి.

ప్ర: నువ్వుల పాలలో కాల్షియం బాగా ఉంటదని చేస్తే చేదు. (పాఠకురాలు, దేవరకొండ)

జ: పొట్టుతో రుబ్బారు. చేదుకు పొట్టు మొదటి కారణం, పాత నువ్వులు రెండోది. కాల్షియం సంగతిలో చిక్కుంది. 100 గ్రాముల పొట్టు నువ్వుల్లో దాదాపు 1000 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, కానీ చాలావరకు ఆ పొట్టులోనే, ఆక్సలేట్‌తో ముడిపడి ఉంటుంది. పొట్టు తీస్తే చేదుతో పాటు అదీ పోతుంది. నువ్వుల పాలు రుచి కోసం తాగండి, కాల్షియం కోసం రాగి జావను నమ్ముకోండి. జావలో ఈ పాలు పోసుకుంటే ఇంకా మంచిది. ఏ గింజ పాలలోనూ బి12 విటమిన్ ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, మాంసం అన్నీ మానేసినవాళ్లు దాని గురించి డాక్టర్‌ను అడగాలి.

పొట్టు తీయడానికి నువ్వులను గంటసేపు నానబెట్టి, శుభ్రమైన గోనె పట్టా మీద అరచేత్తో రుద్దండి. నీళ్లలో వేస్తే పొట్టు తేలుతుంది, వంచేయండి. 100 గ్రాముల తెల్ల నువ్వులను 6 గంటలు నానబెట్టి 500 మి.లీ. నీళ్లతో రుబ్బి వడగట్టండి. గిన్నె అంచుల్లో బుడగలు రాగానే దించేయాలి, మరిగితే తరకలు కడతాయి. ఆ రోజుకు ఆ రోజే చేసుకోండి.

ప్ర: కుసుమ పాలతో పాయసం చేస్తే బెల్లం వేయగానే విరిగింది. (పాఠకురాలు, నారాయణపేట)

జ: బెల్లంలో పులుపు ఉంటుంది, పాతబడితే మరీ ఎక్కువ. ఒక కప్పు కుసుమలు రాత్రంతా నానబెట్టి, మూడు కప్పుల నీళ్లతో రెండు విడతలుగా రుబ్బి, రెండుసార్లు వడగట్టండి. కుసుమ పెంకు గట్టిది, ఒక్కసారికి పోదు. గోధుమ రవ్వను నీళ్లలోనే పూర్తిగా ఉడికించి, బెల్లం పాకాన్ని అందులో కలపండి. చివరగా పాలు పోసి, సన్న సెగ మీద ఒక్క ఉడుకు రాకముందే దించాలి. మీ పక్కనే ఉన్న కర్ణాటక ఊళ్లలో కుసుమ పాలతో హుగ్గి అనే పాయసం చేస్తారు, అక్కడి చుట్టాలుంటే అడిగి చూడండి.

ప్ర: తమిళనాడులో పత్తి గింజల పాలు తాగుతారట. మాకు పత్తి ఉంది, చేసుకోవచ్చా? (పాఠకుడు, మునుగోడు)

జ: మధురైలో ‘పరుత్తి పాల్’ అమ్మే మాట నిజమే. మీరు మాత్రం చేయొద్దు. పత్తి గింజలో గాసిపోల్ అనే హానికర పదార్థం ఉంటుంది. పైగా విత్తనాల ప్యాకెట్‌లో వచ్చే రంగు గింజకు పురుగుమందు పట్టించి ఉంటుంది, అది కడిగితే పోయేది కాదు. విత్తనం కోసం మందు కలిపిన పల్లీలకూ ఇదే వర్తిస్తుంది. మీ దగ్గర ఆముదాలు కూడా పండుతాయి కాబట్టి చెప్పాలి: ఆముదం గింజలో రైసిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. ఒకే కల్లంలో ఎండిన గింజలైతే చేటలో పోసి ఒక్కొక్కటిగా ఏరాకే వాడండి. ఆముదాలు నలిపిన రోలు, మిక్సీ జార్ తిండికి వాడొద్దు.

ప్ర: మా పాపకు 8 నెలలు. తల్లి పాలు చాలడం లేదు, గింజల పాలు పట్టొచ్చా? (పాఠకురాలు, అచ్చంపేట)

జ: వద్దు. ఏడాది నిండని పిల్లలకు తల్లి పాలకు బదులు ఇవి సరిపోవు. పిల్లల డాక్టర్‌కు చూపించి, ఆయన చెప్పిన పాలే పట్టండి.

ప్ర: వడగట్టిన పిప్పి పారేయాలంటే ప్రాణం ఒప్పుతలేదు. (పాఠకురాలు, గద్వాల)

జ: పారేయొద్దు, అలాగని గిన్నెలో మరిచిపోవద్దు కూడా. తడి పిప్పి ఎండాకాలంలో రెండు, మూడు గంటల్లో వాసన వస్తుంది. పల్లీ పిప్పిని పళ్లెంలో పలుచగా పరిచి ఒక ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి, సన్న సెగ మీద వేయించి, ఎండుమిర్చి, ఎల్లిపాయ, జీలకర్ర, ఉప్పు వేసి దంచితే కారప్పొడి. నూనె చాలావరకు పాలలోకి పోయి ఉంటుంది కాబట్టి మామూలు పల్లీ పొడిలా ముద్ద కట్టదు, వేడి అన్నంలో నెయ్యి బదులు నువ్వుల నూనె కాస్త ఎక్కువ పోసుకోవాలి.

తడిదే వాడాలంటే సర్వపిండి. రెండు కప్పుల బియ్యప్పిండికి అర కప్పు పిప్పి, నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు కలపండి. పిప్పిలో తడి ఉంటుంది కనుక నీళ్లు చివరన, చెంచా చెంచాగా పోయాలి. పిండి జారైతే గిన్నెకు ఒత్తినప్పుడు జారిపోయి మధ్యలో మెత్తగా ఉండిపోతుంది. అర కప్పుకు మించితే అంచులు పగులుతాయి.